కొల్లేటి గట్టు మీద జోనంగి

మా ఊళ్లో కుక్కలు రెండు రకాలు. ఊరి కుక్కలు, చేను కుక్కలు.

ఊరి కుక్కలకు యజమాని అంటూ ఒకడు ఉండడు, వీధి ఉంటుంది. మా వీధి కుక్క పక్క వీధి మొగలోకి వెళ్లిందంటే చెవి చింపించుకునే వచ్చేది. పగలంతా అరుగుల కింద, రావిచెట్టు నీడన, గడ్డివాముల పక్కన పడి నిద్రపోయేవి. రాత్రిపూట కొత్త మనిషి అలికిడైతే ఒకటి అందుకునేది, దాని వెనక ఊరంతా అందుకునేది. పెళ్లయినా పెద్దకర్మయినా ఎంగిలి విస్తళ్ల దగ్గర వాటి వాటా వాటికి ఉండేది. పేర్లు పెట్టేది పిల్లలం. టైగరు, టామీ, రాజు. ఒకే కుక్కకు వీధికి ఈ చివర ఒక పేరు, ఆ చివర ఇంకో పేరు. ఎలా పిలిచినా తోక ఊపేది.

చేను కుక్కల తీరు వేరు. వాటికి ఒక మనిషి ఉండేవాడు, ఒక పని ఉండేది. ఆ రెంటినీ వదిలి ఊళ్లోకి వచ్చేవి కావు. వచ్చినా మన వంక చూసేవి కావు. నేను చెప్పబోయేది అలాంటి ఒక కుక్క గురించి.

మాది కైకలూరుకు దిగువన, కొల్లేటి అంచున ఉన్న పల్లపు ఊరు. 1970ల నాటి మాట. అటు కృష్ణా డెల్టా, ఇటు గోదావరి డెల్టా, రెంటి నడుమ పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో కాలవలూ డ్రెయిన్లూ నీళ్లు తెచ్చి అందులో పోస్తాయి. సముద్రంలోకి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే. అందుకని వానాకాలంలో కొల్లేరు ఉబ్బి మా పొలాల గట్ల మీదికి వచ్చేది, పండగ వెళ్లాక మెల్లగా వెనక్కి తగ్గేది. తాటిమాను తొలిచి చేసిన దోనెల్లో వడ్డీలు వేటకు పోయేవారు. కిక్కిస పొదల నడుమ మావులు పెట్టి కొర్రమీనూ మట్టగిడసా పట్టేవారు. చలి మొదలైందంటే గూడబాతులు, ఎక్కడెక్కడి పరజలు ఆకాశం నిండా దిగేవి. పిల్లలం మాకు మాత్రం వాటికంటే నడిచొచ్చే బాతుల మీదే ధ్యాస.

సార్వా కోతలై కుప్పలు పడ్డాక బాతుల మందలు వచ్చేవి. వందల బాతులు, ముందొక మనిషి, వెనకొక మనిషి, చేతుల్లో పొడుగాటి వెదురు గడలు, గడ చివర కట్టిన గుడ్డపీలిక. దూరం నుంచి చూస్తే గట్టు మీద నేల కదులుతున్నట్టుండేది. కోసిన మళ్లలో రాలిన గింజలు, వరి కొయ్యకాళ్ల సందున నత్తలు, చిన్న పీతలు, పురుగు పుట్రా అన్నీ వాటికి మేతే. రైతుకి ఖర్చు లేకుండా చేనుకు ఎరువు పడేది, పురుగు పోయేది. అందుకే ఏ కామందూ వాళ్లని కాదనేవాడు కాదు. మా తాతయ్య అయితే కళ్లం పక్కన దిబ్బ చూపించి "అక్కడ దిగండోయ్" అనేవాడు. మేపుకున్నందుకు వాళ్లు ఇంటికి కాసిని గుడ్లు పంపేవారు. మా నాయనమ్మ వంటింట్లో బాతుగుడ్లు వండనిచ్చేది కాదు. పెరట్లో వేరే పొయ్యి మీద, వేరే మూకుట్లో మా పాలేరు భార్య పులుసు పెట్టేది. ఆ పులుసు కోసం పెరట్లోనే తినేవాళ్లం.

ఏటా మా దిబ్బ మీద దిగేది ఒక ముసలాయన, ఆయన భార్య, పెళ్లి కావాల్సిన కొడుకు. ముసలాయన్ని మేం బాతుల తాత అనేవాళ్లం. ఆయన మమ్మల్ని 'అబ్బాయిగారూ' అనేవాడు. ఆయన వెంట ఒక ఆడకుక్క. పేరు చుక్క.

మొదటిసారి చూసినప్పుడు దానికి ఏదో జబ్బు చేసి వెంట్రుకలు ఊడిపోయాయనుకున్నాం. లేత గోధుమ రంగు ఒళ్లు, రొమ్ము మీద తెల్ల మచ్చ. వెంట్రుక ఎంత పొట్టిదంటే ఒళ్లు నున్నగా, తోలు తొడిగినట్టుగా కనిపించేది. నుదుటి మీద ముడతలు. ఎప్పుడూ ఏదో లెక్క తెగనట్టు ఆలోచిస్తున్న ముఖం. సన్నని నడుము, పొడుగు కాళ్లు, వెనక్కి చుట్టుకున్న తోక. "ఇది జోనంగిరా. కొల్లేటి జాతి. మొరగదు, చూడు" అన్నాడు తాతయ్య.

నిజమే, మొరిగేది కాదు. మిగతా కుక్కల్లాగా భౌ భౌ అనడం దానికి తెలియదు. అవసరమైతే గొంతు పైకెత్తి సాగదీసి ఒక కూత పెట్టేది. అందులో ఏడుపూ ఉన్నట్టుండేది, పాటా ఉన్నట్టుండేది. చీకటిపడ్డాక దిబ్బ వైపు నుంచి ఆ కూత వినిపిస్తే మా చెల్లెలు నాయనమ్మ కొంగులో దూరేది. "నక్క వచ్చింది కామోసు, అది చెబుతోంది" అనేది నాయనమ్మ. బాతులకు శత్రువులు తక్కువేం కాదు. నక్క, ముంగిస, కిక్కిసలో తిరిగే బావురుపిల్లి, పైనుంచి గద్ద. రాత్రి వెదురు దడి కట్టి, వలచుట్టి బాతుల్ని అందులో తోలేవారు. చుక్క ఆ దడి పక్కనే మెత్తటి మన్ను చూసుకుని గొయ్యి తవ్వుకునేది. సగం ఒళ్లు గోతిలో, తల బయట. జోనంగులకు నేల తవ్వుకుని పడుకోవడం పుట్టుకతో వచ్చిన అలవాటు. ఎండలో చల్లగా, చలిలో వెచ్చగా ఉంటుందనేవాడు తాత.

దాని పనితనం చూడాలంటే మందను కాలవ దాటించేటప్పుడు చూడాలి. బాతులు నీళ్లు చూడగానే చెల్లాచెదరై ఎటు పడితే అటు ఈదుతాయి. తాత గట్టున నిలబడి నాలుకతో టక్ టక్ మని చప్పుడు చేసేవాడు. చుక్క నీళ్లలోకి దూకి, చివరి బాతుకి అవతలగా పెద్ద చుట్టు తిరిగి వచ్చేది. ఒక్క బాతు మీదా పన్ను పడేది కాదు. మూతితో తోసేది, నీళ్లలో ఒళ్లు అడ్డం పెట్టేది, అంతే. గుడ్లమీద కాపలా కూడా దానిదే. బాతులు తెల్లవారు జామున గుడ్లు పెడతాయి. పొద్దు పొడిచేసరికి దడిలో గడ్డి మీద తెల్లగా పరుచుకుని ఉండేవి. వాటిని ఏరి ఎండుగడ్డి వేసిన గంపల్లో పేర్చేదాకా చుక్క వాటి నడుమ అడుగు తీసి అడుగు వేసేది. ఒక్కటి చితికేది కాదు. మేం ఒక గుడ్డు తీద్దామని చెయ్యి చాపితే ముడతల ముఖం మా వైపు తిప్పి చూసేది. గుర్రుమనేది కూడా కాదు. ఆ చూపుకే చెయ్యి వెనక్కి వచ్చేసేది.

అంత పనికీ దానికి దొరికే జీతం ఏమిటంటే, పొద్దున గంజి, రాత్రి గంజిలో వేసిన అన్నం ముద్ద. తాత భార్య పగిలిన కుండ పెంకులో పోసేది. చేప తలకాయ ఉంటే అదృష్టం. చుక్క నత్తల్నీ ఎలకల్నీ పట్టుకు తినేది గాని, ముసలమ్మ పోసే గంజి కోసం మాత్రం కాచుకుని ఉండేది. మేం తెచ్చిన బూరెలు ముట్టుకునేది కాదు. తాత "తినవే" అంటే తప్ప.

చాలా ఏళ్ల తర్వాత ఒక సంగతి చదివినప్పుడు నాకు ఆ కుండ పెంకు గుర్తొచ్చింది. స్వీడన్ పరిశోధకులు 2013లో 'నేచర్' పత్రికలో రాశారు. తోడేళ్లకూ కుక్కలకూ జన్యువుల్లో తేడాలు వెతికితే, పిండి పదార్థాన్ని అరిగించే జన్యువుకు తోడేలులో రెండే ప్రతులుంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయట. అంటే మన పొయ్యి పక్కన చేరిన తోడేలు మన తిండి తినడానికి తన లోపలి పొట్టనే మార్చుకుంది. మాంసం తినే జంతువు మన గంజికి అలవాటుపడింది. విశ్వాసం అని మనం గొప్పగా చెప్పుకునేదానికి ముందు ఇంత పెద్ద సర్దుబాటు ఉంది. అది చేసుకున్నది కుక్క. జర్మనీలో బాన్ దగ్గర 1914లో బయటపడ్డ ఒక సమాధిలో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్లతో పాటు ఒక కుక్కపిల్ల ఎముకలు దొరికాయి. దాదాపు 14 వేల ఏళ్లనాటివి. ఆ పిల్లకు పుట్టాక కొన్నాళ్లకే గట్టి జబ్బు చేసిందనీ, మనుషులు కూచుని సాకకపోతే అన్నాళ్లు బతికేది కాదనీ దాని పళ్ల గుర్తుల్ని బట్టి ఈమధ్య తేల్చారు. వేటకు పనికిరాని రోగిష్టి పిల్లను సాకారంటే అప్పటికే లావాదేవీ దాటిన సంబంధం ఏదో మొదలైందన్న మాట. మన కాశ్మీరంలో బుర్జహోంలోనూ కొత్తరాతియుగపు మనుషులతో పాటు కుక్కల్ని పూడ్చిన గోతులు బయటపడ్డాయి.

ఇవేవీ తెలియని రోజుల్లో మాకు కుక్కల గురించి చెప్పింది భారతం. ధనుర్మాసంలో రామాలయం దగ్గర రాత్రిపూట తాతయ్య పురాణం చదివేవాడు. కోతలు అయిపోయి చేతులు ఖాళీగా ఉండే రోజులు. మగవాళ్లు చుట్టలు వెలిగించుకుని, ఆడవాళ్లు గోడవారన, పిల్లలం ముందువరసలో. బాతుల తాత ఎప్పుడూ లోపలికి వచ్చేవాడు కాదు, మెట్ల కింద కూచునేవాడు. కొడుకు మంద దగ్గర ఉన్న రోజున చుక్క కూడా ఆయన కాళ్ల దగ్గర ఉండేది.

భారతం కుక్కతో మొదలై కుక్కతో ముగుస్తుందని తాతయ్య అనేవాడు. నన్నయ్య ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ ఉంది. జనమేజయుడి యాగం దగ్గర ఆడుకుంటున్న కుక్కపిల్లను రాజు తమ్ముళ్లు కొడతారు. అది ఏడుస్తూ తల్లితో చెబుతుంది. తల్లి సరమ, దేవతల కుక్క, తిన్నగా రాజు ముందుకు వచ్చి, తప్పు చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసి శాపం పెట్టి పోతుంది. చక్రవర్తి వణికిపోతాడు. చివర తిక్కన రాసిన మహాప్రస్థానిక పర్వంలో పాండవులు ఒక్కొక్కరే పడిపోయాక ధర్మరాజు వెంట మిగిలింది ఒక కుక్క. స్వర్గానికి రథం తెచ్చిన ఇంద్రుడు కుక్కను వదిలి ఎక్కమంటాడు. నన్ను నమ్మి వెంట వచ్చినదాన్ని వదలనంటాడు ధర్మరాజు.

ఆ పర్వం చదివిన రాత్రి, పురాణం అయ్యాక అందరూ లేచి పోతుంటే, బాతుల తాత మెట్ల కింద నిలబడి అడిగాడు.

"అయ్యగారండీ, ఆకరికి ఆ కుక్క సొర్గానికి ఎల్లిందాండీ?"

"అది కుక్క కాదురా. యమధర్మరాజే కుక్క రూపంలో వచ్చి పరీక్ష పెట్టాడు. ఆయన నిజరూపం చూపించాడుగా."

తాత డీలా పడ్డాడు. "అయితే కుక్క కాదాండీ" అన్నాడు. కాసేపు ఆలోచించుకున్నాడు. "పోన్లెండి. ఆ సంగతి ధర్మరాజుగారికి తెల్దు గదండీ. ఆయన కుక్కనే గదండీ వదల్నన్నాడు."

తాతయ్య పుస్తకానికి గుడ్డ చుడుతున్నవాడు ఆగి ఆయన వంక చూశాడు. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో "వాడు చెప్పిందే అసలు అర్థం" అన్నాడు నాతో. భారతంలో పరీక్ష కుక్కకు కాదు, మనిషికి. కుక్క వెంట రావడం గొప్ప అని ఆ కథ చెప్పదు. వెంట వచ్చినదాన్ని మనిషి వదలకపోవడం గురించి చెబుతుంది. ఇది పెద్దయ్యాక గాని నాకు సరిగా తలకెక్కలేదు.

తర్వాతి ఏడాదో, ఆ పై ఏడాదో తాతకు కామెర్లు ముదిరాయి. కళ్లు పసుపుపచ్చగా మారి, నడవలేక దిబ్బ మీద పడిపోయాడు. మా నాన్న ఎడ్లబండి కట్టించి రోడ్డు దాకా చేర్చి, అక్కణ్ణుంచి బస్సులో ఏలూరు ఆసుపత్రికి పంపించాడు. కొడుకు వెంట వెళ్లాడు. బండి కదులుతుంటే చుక్క వెంటబడింది. తాత తల పైకెత్తి "ఉండవే. మందకాడ ఉండు" అన్నాడు. అంతే. చుక్క ఆగిపోయింది.

ఆ రోజుల్లో అది ఉన్న తీరు మా ఊళ్లో చాలాకాలం చెప్పుకున్నారు. ముసలమ్మ ఒక్కతే అంత మందను తిప్పలేకపోయేది. మా పాలేరు గడ పట్టుకుని సాయం పోయేవాడు గాని, చేసిందంతా చుక్కే. పొద్దున దడి తీస్తే మందను మడిలోకి దింపేది. మధ్యాహ్నం కాలవకు తోలేది. సాయంత్రం చీకటి పడకముందే మళ్లీ దిబ్బకు చేర్చేది. ఒకరోజు ఒక చిన్న గుంపు తప్పిపోయి డ్రెయిన్ అవతల కిక్కిసలో పడింది. చీకట్లో ముసలమ్మకు లెక్క తెలియలేదు. చుక్కకు తెలిసింది. అర్ధరాత్రి డ్రెయిన్ అవతల నుంచి దాని కూత. తెల్లారి పాలేరు దోనె వేసుకుని పోయి చూస్తే, మోకాలి లోతు బురదలో బాతుల చుట్టూ తిరుగుతూ ఉంది. చెవి మీద, భుజం మీద కోసుకుపోయిన గాట్లు. బావురుపిల్లి వచ్చి ఉంటుందన్నాడు. గుంపులో బాతు ఒక్కటీ తగ్గలేదు.

పనంతా ముగిశాక, బాతులు దడిలో సర్దుకున్నాక, రోడ్డు కనిపించే గట్టు మీదికి వెళ్లి కూచునేది. గంజి పోసి ముసలమ్మ కేకేస్తే వచ్చి తాగి, మళ్లీ దడి పక్క గోతిలోకి. రోడ్డు దాకా ఎప్పుడూ వెళ్లలేదు. మందకాడ ఉండమన్నాడు కదా.

తాత బతికి వచ్చాడు. సగమై వచ్చాడు. బండి దిగి కర్ర పట్టుకుని గట్టు మీద నడిచొస్తుంటే చూడ్డానికి మేమంతా పోగయ్యాం. చుక్క ఎగిరి మీద పడుతుందనీ, ముఖం నాకుతుందనీ ఎదురుచూశాం. అది తాతను చూసింది. చెవులు నిక్కబొడిచింది. తోక ఒక్కసారి ఊపి, వెనక్కి తిరిగి మడిలోకి పరుగెత్తింది. దూరంగా మేస్తున్న బాతుల వెనక పెద్ద చుట్టు తిరిగి, మందనంతా గట్టు దగ్గరికి, తాత కాళ్ల ముందుకి తోలుకొచ్చింది. అప్పుడు వచ్చి ఆయన కాళ్ల దగ్గర పడుకుంది. ముసలాయన అక్కడే గట్టు మీద కూలబడి, "లెక్క ఒప్పజెప్తందండీ" అని ఏడ్చాడు.

కుక్కలన్నీ ఇలాగే ఉండేవని చెబితే అబద్ధమవుతుంది. మా ఊరు కుక్కంటే భయపడేది కూడా. ఎండాకాలంలో ఏ కుక్కైనా చొంగ కారుస్తూ తూలుతూ కనిపిస్తే ఊరంతా కర్రలు పట్టుకునేది. కరిపించుకున్నవాణ్ణి పట్నం ఆసుపత్రికి తీసుకుపోయి బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు చేయించేవారు. గొర్రె మెదడు నుంచి తయారయ్యే ఆ మందు 1911లో డేవిడ్ సెంపుల్ కసౌలీలో కనిపెట్టినది. దాన్ని మన దేశం 2004 చివరిదాకా వాడింది. రోజుకొకటి చొప్పున పొడిపించుకుని వచ్చిన పిల్లలు చొక్కా ఎత్తి మచ్చలు చూపించేవారు. కొందరు ఆసుపత్రికి పోకుండా పసరు వైద్యుడి దగ్గర ఆగిపోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు. కుక్క మంచిదా చెడ్డదా అన్నది కాదు అక్కడ సంగతి. టీకా వేయని కుక్కతో మనిషికి ముప్పు, టీకా వేయించని మనిషితో కుక్కకు ముప్పు.

చుక్కకు ముప్పు ఇంకో వైపు నుంచి వచ్చింది.

1970ల రెండో సగంలో ప్రభుత్వమే కొల్లేటిలో సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. లాభం కళ్లబడ్డాక డబ్బున్నవాళ్లు దిగారు. 1980ల్లో మా ఊరి పల్లపు పొలాలు కూడా ఒక్కొక్కటే చెరువులయ్యాయి. వరికంటే చేపకు ఎక్కువ వస్తుంటే ఎవర్ని తప్పు పట్టగలం? నాలుగు వైపులా ఎత్తుగా గట్లు పోసి, నీళ్లు తోడి నింపితే, ఇక కొయ్యకాళ్లు లేవు, రాలిన గింజ లేదు. మందను తోలుకెళ్లే దారులన్నీ చెరువుల కట్టలైపోయాయి. బాతుల తాత రెండేళ్లు అటూ ఇటూ తిప్పి చూసి, మందను అమ్మేశాడు. కొడుకు ఒక చెరువు మీద కాపలాకు కుదిరాడు. ముసలాళ్లిద్దరూ కొడుకు దగ్గర, చెరువు కట్ట మీద తాటాకు పాకలో చేరారు. చుక్క కూడా.

చెరువుల వాళ్లకు జోనంగి అంటే గిట్టదు. కారణాలు రెండు. ఒకటి, కొల్లేటి కుక్క కాబట్టి నీళ్లంటే బెదురు లేదు, ఆకలేస్తే చేపను పట్టుకుంటుంది. రెండు, అది కట్టలో గొయ్యి తవ్వుతుంది. కట్టకు బొరియ పడితే నీళ్లు ఊరి, గండి పడి, లక్షల చేప కొట్టుకుపోతుందని భయం. ఇన్నాళ్లూ ఏ అలవాట్ల వల్ల ఆ జాతి ఈ నేలకు సరిపోయిందో, సరిగ్గా అవే దాని నేరాలయ్యాయి. బాతుల పని పోయి మనుషులు వదిలేసిన జోనంగులు కట్టల వెంట గుంపులుగా తిరిగేవి. వాటిని వెతికి వెతికి చంపించారు. కొన్నిచోట్ల కర్రలతో, కొన్నిచోట్ల అన్నంలో మందు కలిపి.

చుక్క అప్పటికి ముసలిదయింది. అది చేపలు పట్టగా ఎవరూ చూడలేదు. సాయంత్రాలు చెరువు కట్ట మీద ఒక చుట్టు తిరిగి వచ్చి పాక ముందు పడుకునేదని తాత చెప్పాడు. కుక్కను తీసేయమని చెరువు కామందు ఒకటికి రెండుసార్లు చెప్పించాడట. "మేం పోతే అదీ పోద్దండి" అని తాత బదులు చెప్పాడట. కొడుకు ఉద్యోగం ఆ కామందు మాట మీద ఆధారపడి ఉంది. అయినా ఆ మాట అన్నాడు. ఆ తర్వాత ఒక పొద్దున పాకకు కాస్త దూరంలో అది చచ్చి పడి ఉంది. నోటి దగ్గర నురగ. బయటివాళ్ల చేతి అన్నం ముట్టని కుక్క ఎలా తిన్నదో ఎవరికీ అంతుపట్టలేదు. ముసలితనంలో చూపు తగ్గి, గంజి పోసే కుండ పెంకులోనే ఎవరో కలిపితే, ముసలమ్మే పోసిందనుకుని తాగి ఉంటుందని తాత అన్నాడు. అదే నిజమైతే, దాని ప్రాణం తీసింది దాని నమ్మకమే. వాళ్లు కొద్దిరోజుల్లోనే పాక విప్పుకుని వెళ్లిపోయారు. ఎటు వెళ్లారో మా ఊళ్లో ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1999లో కొల్లేటిలో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో అభయారణ్యంలోని చెరువుల కట్టలు తెగ్గొట్టారు. కైకలూరు దగ్గరి ఆటపాక పక్షుల కేంద్రానికి వెళితే ఇవాళ గూడబాతుల్ని చూడొచ్చు, పడవ ఎక్కొచ్చు. పక్షికి అభయం దొరికింది. ఆ పక్షుల మధ్యే పుట్టి, బాతుల్ని కాచి బతికిన కుక్కకు అలాంటి అభయం దొరకలేదు. జోనంగులు అంతరించే అంచుకు వచ్చాయి. కొద్దిమంది ఇష్టపడి సాకుతూ, జత కలుపుతూ వాటిని నిలబెట్టే ప్రయత్నం చేస్తున్నారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

కుక్క విశ్వాసం అనగానే ఇప్పుడు అందరూ జపాను హచికో పేరెత్తుతారు. 1925లో యజమాని చనిపోతే, 1935లో తాను చనిపోయేదాకా షిబుయా స్టేషన్ దగ్గర ఆయన కోసం ఎదురుచూసిన కుక్క. గొప్ప సంగతే. దాని విగ్రహం ముందు ఫొటో దిగని యాత్రికుడు ఉండడు. అయితే 1932లో పత్రికలో దాని గురించి వచ్చేదాకా అదే స్టేషన్లో అదే కుక్కను అదిలించారు, తరిమారు, అల్లరి పెట్టారు. కుక్క ఎప్పటిలాగే ఉంది. మారింది మనుషుల చూపు. పేరు రాకముందూ వచ్చిన తర్వాతా అది చేసిన పని ఒకటే.

నాకు తోచేది ఇది. కుక్క విశ్వాసం గురించి కొత్తగా రుజువు చేయాల్సింది ఏమీ లేదు. అది 14 వేల ఏళ్ల కిందటే రుజువైపోయింది. జపాను శాస్త్రవేత్తలు 2015లో చూపించినట్టు, కుక్కా దాని మనిషీ కళ్లలోకి కళ్లు పెట్టి చూసుకుంటే ఇద్దరి ఒంట్లోనూ తల్లీబిడ్డల మధ్య ఊరే రసాయనమే పెరుగుతుంది. మనిషి చేతుల్లో పెరిగినా తోడేలు విషయంలో అలా జరగలేదు. ఇంతకంటే ఏం కావాలి? తేలాల్సింది మన సంగతే. పని ఉన్నన్నాళ్లు గంజి పోసి, పని పోయాక కట్ట మీద వదిలేసింది మనం. తిండి పెట్టిన చెయ్యిని అది మరిచిపోదని పిల్లలకు పద్యాలు నేర్పి, ఆ చేత్తోనే మందు కలిపింది మనం. బాతుల తాతకు సెంటు భూమి లేదు, చదువు లేదు. అయినా ఉద్యోగం పోతుందని తెలిసీ కుక్కను వదలనన్నాడు. ఆయన మా ఊరి ధర్మరాజు.

ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ అపార్ట్‌మెంట్లలో మంచుదేశపు హస్కీలను నలభై డిగ్రీల ఎండలో పెంచుతున్నారు. పిల్లవాడి పుట్టినరోజుకు కొని, పరీక్షలు రాగానే, బదిలీ రాగానే, బొచ్చు రాలుతోందనో అరుస్తోందనో ఊరి చివర వదిలి వస్తున్నారు. వదిలిన చోటే అది రోజుల తరబడి కూచుంటుంది. దాన్ని మనం విశ్వాసం అని మెచ్చుకోనక్కర్లేదు, మన సిగ్గుమాలినతనం అని ఒప్పుకుంటే చాలు.

కుక్క కావాలనుకునేవారికి నాది ఒకటే మనవి. ఈ ఎండకీ ఈ వానకీ పుట్టిన నాటు కుక్కను తెచ్చుకోండి, వీధిలో తిరిగే పిల్లే అయినా సరే. ఏటా రేబిస్ టీకా వేయించండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. రోజూ దానితో కాసేపు నడవండి, చేయడానికి ఏదో ఒక పని ఇవ్వండి. కుక్క పన్నెండు, పదమూడేళ్లు బతుకుతుంది. చివరి రెండేళ్లూ దానికి కళ్లు కనిపించకపోవచ్చు, కాళ్లు లేవకపోవచ్చు. ఆ రెండేళ్లు కూడా లెక్కలో వేసుకుని, అప్పుడు ఇంటికి తెచ్చుకోండి. అంతకాలం ఉంచుకోలేమనుకుంటే అసలు తేకండి.